పీరియడుకు కాపలా

ప్రశ్న: సార్, నమస్తే. నేను 19 ఏళ్లు లెక్కల టీచర్‌గా చేశాను, ఎక్కువ కాలం దేవరకొండ వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలోనే. ప్రమోషన్ మీద గెజిటెడ్ హెడ్మాస్టర్‌గా నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక హైస్కూల్‌కు వచ్చి మూడు నెలలు దాటింది. 160 మంది పిల్లలు, తొమ్మిది మంది టీచర్లు. పొద్దున రాగానే యాప్‌లో హాజరు, బియ్యం లెక్క, గుడ్ల లెక్క, జీతాల బిల్లులు, ఆఫీసు నుంచి ‘అర్జెంట్’ అని వచ్చే ఫార్మాట్లు. సాయంత్రం ఇంటికి పోతూ చూసుకుంటే ఒక్క పిల్లకు ఒక్క లెక్క చెప్పిన గుర్తు ఉండదు. మనసు ఊరుకోక, లెక్కల సార్ ఉన్నా సరే, పదో తరగతి లెక్కలు నేనే తీసుకున్నాను. మీటింగులకు పోయిన రోజు ఆ క్లాసు ఖాళీ. సోషల్ సార్ నాకంటే పదేళ్లు పెద్ద. నేను ఆయన క్లాసులోకి వెళ్తే పాఠం ఆపేసి ‘ఏం కావాలి మేడం’ అని నిలబడతారు. పిల్లలు నన్ను చూస్తే వరండాలోంచి పక్కకు తప్పుకుంటున్నారు. ఇన్నేళ్లు టీచర్‌గా బతికి ఇప్పుడు గుమాస్తానయ్యానని అనిపిస్తోంది. రివర్షన్ అడిగి, అంటే ప్రమోషన్ వదులుకుని, మళ్లీ స్కూల్ అసిస్టెంట్‌గా పోవడం తప్పా?

— ఒక ప్రధానోపాధ్యాయురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

సమాధానం:

అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. వెనక్కి వెళ్లడం తప్పు కాదు. పాఠం చెప్పడంలోనే తన బతుకు ఉందని తెలుసుకుని, కుర్చీ వదిలి క్లాసుకు పోయినవాళ్లంటే నాకు గౌరవం. కాని అది మూడు నెలలకు తీసుకునే నిర్ణయం కాదు. జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి ఏప్రిల్‌లో మూసేదాకా ఒక పూర్తి సంవత్సరం ఇంకా మీ చేతుల మీదుగా నడవలేదు. దసరా సెలవుల తర్వాత హాజరు పట్టీ ఎట్లా ఉంటుందో, పదో తరగతి పరీక్షల ముందు ఊరు ఎట్లా ఉంటుందో టీచర్‌గా చూశారు, హెడ్మాస్టర్‌గా చూడలేదు. రెండు విద్యా సంవత్సరాలు చేయండి. అప్పటికీ మనసులో ఇదే మాట ఉంటే ఎవరి సలహా అడగకుండా దరఖాస్తు పెట్టండి.

మీరు బాధపడకూడదని నేను చెప్పను. టీచర్‌కు తన పని ఫలితం అప్పటికప్పుడే చేతికి వస్తుంది. భిన్నాలు కూడేటప్పుడు హారాలు ఎందుకు సమానం చేయాలో మూడో బెంచీలో కూర్చున్న పిల్లకు తెలిసిందా లేదా అన్నది బెల్లు కొట్టేలోపే తేలిపోతుంది. తెలియకపోతే రేపు ఇంకో దారిలో చెప్తాం. రోజుకు నాలుగైదుసార్లు, 19 ఏళ్లు, ఆ ఫలితం అందుకున్న మనిషి మీరు. హెడ్మాస్టర్ ఈ రోజు చేసిన పని ఏ పది నెలలకో బయటపడుతుంది, అప్పుడు కూడా ఇది మీ వల్ల జరిగిందని ఎవరూ చెప్పరు. ఆ తేడాకు అలవాటు పడడానికి టైం పడుతుంది. పైగా ఈ పని మీకు ఎవరూ నేర్పలేదు. సీనియారిటీ లిస్టులో పేరు, డిపార్ట్‌మెంటల్ టెస్టుల్లో పాస్, ఈ రెండూ ఉంటే ప్రమోషన్ వచ్చింది. ఆ పరీక్షల్లో అకౌంట్స్ అడుగుతారు, సర్వీసు నిబంధనలు అడుగుతారు. తనకంటే పదేళ్లు పెద్దాయన క్లాసులో ఎట్లా కూర్చోవాలో అడగరు. అందుకని, చేతకావడం లేదన్న మాట మాత్రం మనసులోకి రానివ్వకండి.

గుమాస్తానయ్యాను అన్నారు. అక్కడ మీతో ఏకీభవించను. చేస్తున్న పనులు గుమాస్తా పనుల్లాగే ఉంటాయి, నిజమే, చాలా హైస్కూళ్లలో జూనియర్ అసిస్టెంట్ కూడా లేడు. కాని ఒక టీచర్ ఇంక్రిమెంటు ఆగిపోయిందనుకోండి. ఆయన ఏం చేస్తాడు? పని దినం చూసుకుని సబ్ ట్రెజరీకి పోతాడు, జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకు పోతాడు. పోయిన రోజు ఎనిమిదో తరగతి ఇంగ్లిష్, తొమ్మిదో తరగతి ఇంగ్లిష్, పదో తరగతి ఇంగ్లిష్ అన్నీ పోతాయి. జీతాల బిల్లులు చేసి పంపే అధికారిగా (డీడీఓ) మీరు ఆ బిల్లును సకాలంలో సరిగ్గా పంపితే ఆ పీరియడ్లన్నీ మిగులుతాయి. బిల్లు మీద మీరు పెట్టే సంతకానికి, ఎనిమిదో తరగతి పాఠానికి మధ్య ఉన్న తీగ ఇది. ఆ తీగ కనబడనప్పుడే గుమాస్తాగిరీ అనిపిస్తుంది.

నేను పాలమూరు జిల్లా హైస్కూళ్లలో టీచర్‌గా, తర్వాత హెడ్మాస్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. ఆ కుర్చీలో కూర్చుని నేను నమ్మింది ఒకటే, పీరియడ్లు కాపాడడమే హెడ్మాస్టర్ పని. పొలానికి కంచెలాగా. పంట టీచర్లది, పిల్లలది. ఏ కాగితం ముందు, ఏది తర్వాత, ఏ మీటింగుకు పోవాలి, ఏ టీచర్‌తో గట్టిగా మాట్లాడాలి, గ్రాంటు దేనికి ఖర్చు పెట్టాలి, అన్నిటికీ ఇదే కొలబద్ద. దీనివల్ల పీరియడు మిగులుతుందా, పోతుందా?

మీరు లెక్కల టీచర్ కాబట్టి లెక్కతోనే చెప్తాను. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పని దినాలు ఉండాలంటుంది. మన టీచర్లకు ఏడాదికి 15 క్యాజువల్ లీవులు (సీఎల్‌లు), 7 స్పెషల్ సీఎల్‌లు, ఆడవాళ్లకు మరో 5. ఆ ఐదూ పక్కన పెట్టినా, మీ తొమ్మిది మందికి కలిపి 198 రోజుల సెలవు. అంటే ఎవరూ ఒక్క సెలవు కూడా అదనంగా పెట్టకపోయినా దాదాపు ప్రతిరోజూ ఒక టీచర్ బడిలో ఉండరు. సెలవు వాళ్ల హక్కు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కాని చాలా బళ్లలో టీచర్ సెలవును ఏదో అనుకోని ఉపద్రవంలాగా చూస్తారు. ఫోన్ రాగానే ‘ఆ క్లాసుకు ఎవరన్నా పోండి’ అంటారు. పోయినవాళ్లు పిల్లల్ని ‘సైలెంట్‌గా చదువుకోండి’ అని కూర్చోబెట్టి ఫోను చూసుకుంటారు. రోజూ జరిగేదాన్ని రోజూ జరిగేదిగానే ఏర్పాటు చేయాలి. ప్రతి సబ్జెక్టుకు, ప్రతి తరగతికి, ఎవరు పోయినా చేయించగలిగిన అభ్యాసాలు ముందే ఒక ఫైలులో ఉండాలి. తెలుగు టీచర్ లెక్కల క్లాసుకు పోతే ఆ ఫైలులోంచి ఒక కాగితం తీసి బోర్డు మీద రాస్తే చాలు. ఈ ఫైలు తయారుచేయించడం మీరు తప్ప ఆ బడిలో ఇంకెవరూ చేయలేని పని.

రేపటి నుంచి ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. టీచర్ లేకుండా పోయిన పీరియడ్లు, సగం పోయినవి, సాయంత్రం రాసుకోండి. ఎవరికీ చూపించకండి, అది మెమోలు ఇవ్వడానికి పెట్టుకున్న పుస్తకం కాదు. నెలకు ఒక ఆకారం తేలుతుంది. హైదరాబాద్ నుంచో, దేవరకొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చేవాళ్ల బస్సుతో మొదటి పీరియడు ముడిపడి ఉంటుంది. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడు ఇంకో రకంగా పోతుంది. పిల్లలు తిన్నాక పళ్లేలు కడగాలి. 160 మందికి రెండు నల్లాలు ఉంటే లైను ఎంతసేపటికి కదులుతుంది? దాంతో ఆ పీరియడులో రోజూ 15 నిమిషాలు పోతున్నాయనుకోండి. 220 రోజులకు 3,300 నిమిషాలు, అంటే 55 గంటలు. 45 నిమిషాల పీరియడ్లుగా చూస్తే 73. ఒక సబ్జెక్టు టీచర్ రెండు నెలలు సెలవు పెట్టి పోతే ఊరంతా అడుగుతుంది. రెండు నల్లాలు అదే నష్టం చేస్తుంటే ఎవరూ అడగరు. సమగ్ర శిక్షా స్కూల్ గ్రాంటు, 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి నిబంధన ప్రకారం ఏడాదికి 50,000 రూపాయలు, అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే పెట్టాలి. విడతలు విడతలుగా వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, అది మీకు తెలిసిందే. వచ్చిన మొదటి విడతలో ఇంకో నాలుగు నల్లాలు పెట్టించండి. ఆఫీసు గదికి రంగు తర్వాత వేయొచ్చు. నల్లాలు పెట్టించిన రోజు సాయంత్రం ఇంటికి పోతూ, ఈ రోజు పాఠం చెప్పలేదని అనుకోకండి.

ఫార్మాట్ల సంగతి. వాట్సాప్‌లో ‘అర్జెంట్’ అని వచ్చినవాటిలో నిజంగా ఆ రోజే పోవాల్సినవి కొన్నే. రోజులో ఒక గంట నిర్ణయించుకోండి, ఆఖరి పీరియడో, బడి వదిలాకో. ఆ గంటలో చేసినంత చేయండి. ఒక్క విషయంలో మాత్రం అస్సలు మెత్తబడొద్దు. కంప్యూటర్ బాగా వచ్చిన కుర్ర టీచర్ ఒకరు ప్రతి బడిలో ఉంటారు. బడి వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించే యూడైస్ ఎంట్రీకి, స్కాలర్‌షిప్ అప్‌లోడ్‌కు, ఆధార్ సవరణకు ఆయన్ని క్లాసులోంచి పిలిచే అలవాటు కూడా ప్రతి బడిలో ఉంటుంది. అది మీ బడిలో ఈ రోజుతో ఆగిపోవాలి. బడిలో అందరికంటే హుషారైన టీచర్‌కు అందరికంటే ఎక్కువ పీరియడ్లు పోతున్నాయంటే నష్టపోతున్నది ఎవరో ఆలోచించండి. బయటి నుంచి టీచర్లను వేరే పనులకు అడిగినప్పుడు కూడా, జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను పంపకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెప్తుంది. అన్నిసార్లూ కాదనలేరు. కాని అడిగినప్పుడు ఆ సెక్షన్ గుర్తుచేస్తూ ఒక కాగితం రాయగలిగింది మీరే, టీచర్ కాదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్పాలి. పదో తరగతి లెక్కలు వదిలేయండి.

ఎందుకు తీసుకున్నారో నాకు తెలుసు. క్లాసు మీద ప్రేమ ఒకటి, రిజల్టు మీద భయం ఒకటి. రివ్యూ మీటింగులో మీ స్కూల్ శాతం ఎంత అని నలుగురిలో నిలబెట్టి అడుగుతారు. కాని మీరు అక్కడ ఉన్నంతకాలం ఆ లెక్కల సార్ తన సొంత సబ్జెక్టులో రెండో మనిషి. రిజల్టు బాగా వస్తే మేడం వల్ల వచ్చిందంటారు, రాకపోతే ఆయన కింది క్లాసుల్లో చెప్పలేదంటారు. ఆత్మగౌరవం ఉన్న ఏ టీచర్ అయినా అట్లాంటి చోట నెమ్మదిగా చేతులు ముడుచుకుంటాడు. పైగా మీరే రాశారు, మీటింగులకు పోయిన రోజు ఆ క్లాసు ఖాళీ అని. పీరియడ్లు కాపాడాల్సిన మనిషి పీరియడే ఎక్కువగా పోతోంది. ఆయన్ని పిలిచి, పదో తరగతి మీదే అని చెప్పండి. త్రికోణమితి దగ్గరో, సంభావ్యత దగ్గరో పిల్లలు తడబడే చోట్ల మీ పాత నోట్సు ఉంటే ఇవ్వండి. అక్కడితో ఆగండి.

దానికి బదులు ఆరో తరగతి తీసుకోండి, వారానికి మూడు పీరియడ్లు, మీటింగులు పడని రోజుల్లో. ఆరో తరగతే ఎందుకంటే, మీ బడి భవిష్యత్తు అక్కడ కూర్చుని ఉంది, దాన్ని ఎవరూ చూడరు. 1971లో పాత నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టినప్పుడు అది రాష్ట్రమంతటికీ ఒక్కటి. ఇప్పుడు ఎన్నో గురుకులాలు, ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష. ఊళ్లో చురుకైన పిల్లలు చాలామంది ఐదులోనే వెళ్లిపోతారు. వెళ్లిన పిల్లలు బాగుపడుతున్నారు, సంతోషమే. మిగిలినవాళ్లు మీ ఆరో తరగతికి వస్తారు, మూడు నాలుగు ఊళ్ల ప్రాథమిక బళ్ల నుంచి, తండాల నుంచి. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లకు ‘భాగహారం’ అన్న మాటే కొత్త, చేయడం తర్వాతి సంగతి. చదవడం, రాయడం, లెక్కల్లో వెనకబడిన పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన ‘తొలిమెట్టు’, ‘ఉన్నతి’ లాంటి కార్యక్రమాలు వచ్చింది ఈ లోటు కోసమే. కాని ఏ పిల్ల ఏ మెట్టు మీద ఆగిపోయిందో కాగితం చెప్పదు, పక్కన కూర్చున్న టీచర్ చెప్తుంది. మీరు మూడు నెలలు ఆ క్లాసు చూస్తే, ఫలానా ప్రాథమిక బడి నుంచి వచ్చిన పిల్లలకు అప్పు తీసివేత రాదని, ఫలానా తండా పిల్లలు నోటి లెక్కలో ముందున్నారని తెలుస్తుంది. అప్పుడు ఆ ప్రాథమిక బడి టీచర్లతో కూర్చుని మాట్లాడడానికి మీ దగ్గర విషయం ఉంటుంది. పదో తరగతి రిజల్టు నాలుగేళ్ల ముందు ఇక్కడే మొదలవుతుంది. మీ చేతికి సుద్దముక్క కూడా మిగులుతుంది.

సోషల్ సార్ గురించి. ఆయన పాఠం ఆపి నిలబడడం అవమానం చేయడానికే కాకపోవచ్చు. మన దగ్గర హెడ్మాస్టర్ క్లాసులోకి వచ్చాడంటే తప్పు పట్టడానికో, సర్క్యులర్ చదవడానికో వచ్చినట్టే లెక్క. ఆయన సర్వీసు అంతా చూసింది అదే. కొంత ఇంకోటి కూడా ఉంటుంది, దాచుకోవడం ఎందుకు, తనకంటే చిన్నది, ఆడమనిషి చెప్తే వినాలా అన్న మాట. అది మీరు మార్చలేరు, మార్చే బాధ్యత మీ మీద వేసుకోకండి. ఆయన క్లాసుకు ప్రస్తుతం పోవద్దు. పిల్లల నోటుబుక్కులు తెప్పించుకుని చూడండి. ఏ పాఠం దాకా వచ్చింది, పిల్లలు సొంతంగా రాశారా, బోర్డు మీదిది దించారా, దిద్దిన గుర్తు ఉందా? పది నోటుబుక్కులు చాలు, వెనక బెంచీలో గంట కూర్చున్నదానికంటే ఎక్కువ తెలుస్తుంది. అందులో మంచి కనబడితే ముందు అది చెప్పండి, స్టాఫ్ రూంలో, నలుగురి ముందు. లోటు కనబడితే ఒంటరిగా చెప్పండి. అన్నా, సార్ అని బతిమాలినట్టు వద్దు, అధికారి గొంతూ వద్దు. ‘సార్, తొమ్మిదో తరగతిలో రెండు యూనిట్లు వెనకబడ్డాం, దసరాలోపు పూర్తి చేయాలి, మీకేం కావాలో చెప్పండి’ అంటే చాలు. స్టాఫ్ మీటింగ్ మినిట్స్ పుస్తకంలో ఎవరెవరు ఎంతవరకు పూర్తి చేయాలో అందరిదీ రాయండి, ఆయనది ఒక్కటే కాదు. మూడుసార్లు చెప్పినా కదలకపోతే అప్పుడు కాగితం. హెడ్మాస్టర్‌కు ఆ అధికారం ఉంది, వాడితే పాపమేమీ లేదు. కాకపోతే మొదట వాడేది అది కాకూడదు.

ఆ సార్ దగ్గర మీకు లేనిది ఒకటి ఉంటుంది. ఆ ప్రాంతంలో ఏళ్లుగా ఉన్న మనిషైతే ఏ ఇంటివాళ్లు ఎక్కడికి వలస పోతారో, వాళ్లను కూలికి తీసుకుపోయే గుంపు మేస్త్రి ఎవరో, ఏ అవ్వ దగ్గర ఏ పిల్ల ఉంటుందో ఆయనకు తెలుసు. మీకు ఇప్పుడు అన్నిటికంటే అవసరమైనది ఆ సమాచారమే. దసరా రాబోతోంది.

ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మన దక్షిణ తెలంగాణ బళ్లలో పీరియడ్లు ఎక్కువగా పోయేది టీచర్ల వల్ల కాదు, పిల్లలే బడికి రాకపోవడం వల్ల. గద్వాల వైపు సీడ్ పత్తిలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో క్రాసింగ్ పనికి, అంటే పువ్వుకు పువ్వుతో చేత్తో పరాగసంపర్కం చేసే పనికి, పొద్దున్నే పిల్లల్ని తీసుకుపోతారు, చిన్న చేతులైతే పువ్వు చెదరదని. మీ వైపు దసరా అయ్యాక పత్తి ఏరుడు మొదలవుతుంది. పత్తి గూళ్లు పగిలాయంటే ఏడో తరగతి ఆడపిల్ల ఇంట్లో చంటిపిల్లను చూసుకోవాలి, తొమ్మిదో తరగతి పిల్ల అమ్మతో చేనుకు పోవాలి. యాసంగి పల్లికాయ పీకే రోజుల్లో మళ్లీ అంతే. వలసపోయే ఇళ్లలో అప్పటికే మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటారు. పండుగ పోయిందంటే బొంబాయికో, పుణేకో, హైదరాబాద్‌కో బండెక్కి, ఉగాదికి గాని రారు. ‘అందరం పోతున్నం మేడం, పిల్లను ఎవల దగ్గర ఇడిసిపెట్టి పోను’ అని తల్లి అడుగుతుంది. ఆమె అడిగేది న్యాయమైన ప్రశ్న. చదువు విలువ గురించి ఉపన్యాసం చెప్తే దానికి జవాబు కాదు. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, రాత్రి ఎవరు వండిపెడతారు అన్నదానికి జవాబు కావాలి.

టీచర్‌గా మీరు ఒక్కరే ఆ ఇంటికి పోయి బతిమాలి ఉంటారు, నాకు తెలుసు. హెడ్మాస్టర్‌గా మీ చేతిలో అంతకంటే ఎక్కువ ఉంది. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి మీరే కన్వీనర్. అధ్యక్షురాలు ఊళ్లో మహిళా సంఘాల సమాఖ్య మనిషి. ఎవరింట్లో ఎంత అప్పుందో, ఎవరు ఎప్పుడు పోతున్నారో ఆమెకు మీకంటే ముందు తెలుసు. బతుకమ్మ మొదలయ్యేలోపు ఒక మీటింగు పెట్టండి, బిల్లుల మీద సంతకాల కోసం కాదు, ఈ ఒక్క విషయానికే. సోషల్ సార్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. వలసపోయే ఇళ్ల పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాయండి. అవ్వ, తాత దగ్గర ఉండగలిగిన పిల్లలు ఎవరు? ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టల్లో ఖాళీ ఉంటే చేర్చగలిగినవాళ్లు ఎవరు? బడి మానేసే ప్రమాదంలో ఉన్న ఆడపిల్లలకు దగ్గరి కస్తూర్బా విద్యాలయంలో, ఆడపిల్లల వసతి బడిలో, సీటు దొరుకుతుందా? హాస్టల్ వార్డెన్‌కు టీచర్ ఫోన్ చేస్తే ఒకలాగా ఉంటుంది, గెజిటెడ్ హెడ్మాస్టర్ లెటర్ ప్యాడ్ మీద రాసి, మనిషిని పంపితే ఒకలాగా ఉంటుంది. ప్రమోషన్ వల్ల మీకు కొత్తగా వచ్చిన బలం ఇదే, దీన్ని ఇట్లాంటివాటికి వాడండి. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడపిల్లలకు పల్లెవెలుగు బస్సులో టికెట్ డబ్బులు లేవు. దూరపు తండాలో అవ్వ దగ్గర ఉన్న పిల్ల కూడా బస్సు టైం కలిస్తే బడికి రాగలదు. కలవకపోతే డిపో మేనేజర్‌కు ఒక దరఖాస్తు, పిల్లల సంఖ్యతో సహా. పదిమంది పిల్లలు దసరా తర్వాత కూడా బడిలో ఉంటే, అది మీరు ఏడాదంతా పదో తరగతికి చెప్పే లెక్కల పాఠాలకు తక్కువేం కాదు.

ఆడపిల్లల విషయంలో మరో రెండు మాటలు. తొమ్మిది, పది తరగతుల్లో ఉన్నట్టుండి మాట తగ్గిన పిల్ల, వారం రోజులు రాని పిల్ల, పెళ్లిచూపుల మాట వినబడిన పిల్ల ఉంటే ఆగకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ వాళ్లకు చెప్పండి. ఊళ్లో మాట వస్తుందని వెనకాడొద్దు. మీ పేరు మీద మాట వస్తే క్లాస్ టీచర్ మీద రాదు, హెడ్మాస్టర్ ముందు నిలబడేది అందుకే. బడిలోనే పిల్ల మీద ఏదైనా అఘాయిత్యం జరిగిందని తెలిస్తే ‘మనలో మనం సర్దుకుందాం’ అని పెద్దమనుషులు వస్తారు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. మీ కింద పనిచేసేవాళ్ల మీద ఆరోపణ వచ్చినప్పుడు చెప్పకపోతే సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు ఉంది. శిక్ష భయం పక్కన పెట్టినా, ఆ పిల్లకు బడిలో మిగిలిన ఆఖరి మనిషి మీరు.

పిల్లలు మిమ్మల్ని చూసి పక్కకు తప్పుకుంటున్నారన్న వాక్యం చదివితే నాకు కూడా కష్టమనిపించింది. కాని కారణం తెలిసిందే. అల్లరి చేస్తే ‘పద హెడ్మాస్టర్ దగ్గరికి’ అని తీసుకొచ్చే గది మీది. ఆ గదికి పిల్లలు ఇంకో పని మీద వచ్చేటట్టు చేయండి. లైబ్రరీ బీరువా ఒకటి మీ గదిలోకి మార్చండి, పుస్తకం కావాలంటే మీ దగ్గరికే రావాలి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాసే పిల్లలను మధ్యాహ్నం మీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి అరగంట లెక్కలు చేయించండి. ఎంపికైతే ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్, మన ఊళ్లలో ఆ డబ్బుతో ఒక పిల్ల ఇంటర్ దాకా నిలబడుతుంది. భోజనం వడ్డించే ముందు రుచి చూడడం ఎట్లాగూ బడివాళ్ల బాధ్యత, మీరు అక్కడే పిల్లలతో కూర్చుని తినండి. అన్నం మెత్తగైతే, పప్పు నీళ్లగా ఉంటే ఏ రిపోర్టూ అక్కర్లేదు. వంట చేసే అమ్మలతో కూడా మాట్లాడినట్టవుతుంది. బిల్లులు నెలల తరబడి రాకపోతే కిరాణా కొట్టులో అప్పు తెచ్చి వండుతారు వాళ్లు, ఆ సంగతి తెలిసి మాట్లాడితే మాట వేరేగా ఉంటుంది.

మీరు రాయనిది ఒకటి ఉత్తరంలో కనిపించింది, ఒంటరితనం. స్టాఫ్ రూంలో 19 ఏళ్లు నలుగురితో టిఫిన్ డబ్బా పంచుకుని తిన్నారు, ఇప్పుడు మీరు లోపలికి పోగానే మాటలు ఆగిపోతాయి. అది పూర్తిగా పోదు, కొంత దూరం ఉండడమే మంచిది కూడా, రేపు సెలవు కాదనాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. దీనికి మందు మీ బడిలో దొరకదు. పక్క మండలంలో, కల్వకుర్తి దగ్గరో అచ్చంపేట దగ్గరో, మీలాగే ఈ మధ్య ప్రమోషన్ మీద వచ్చిన హెడ్మాస్టర్ మేడం ఎవరన్నా తప్పకుండా ఉంటారు. వెతికి పట్టుకోండి. రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసి ఈ రోజు నాకు ఏడుపొచ్చింది అని చెప్పుకోగలిగిన ఒక్క మనిషి ఉంటే ఈ ఉద్యోగం చేయొచ్చు. నెలకోసారి ఒకరి బడి ఒకరు చూసి రండి. ఆమె టైంటేబుల్ మీరు, మీ టైంటేబుల్ ఆమె చూస్తే ఇద్దరికీ కనబడనివి కనబడతాయి.

డబ్బు విషయం ఆఖరున చెప్తున్నాను గాని, ఇది ఈ వారమే చేయండి. చార్జి తీసుకునేటప్పుడు హడావుడిలో సంతకం పెట్టి ఉంటారు, చాలామంది అట్లాగే పెడతారు. మూడు నెలలే అయింది కాబట్టి ఇప్పటికీ ఆలస్యం కాలేదు. చార్జి లిస్టు తీసి స్టాకు రిజిస్టర్‌తో ఒక్కొక్కటి సరిచూడండి, ల్యాబ్ సామాను, కంప్యూటర్లు, బెంచీలు అన్నీ. లేనివి ఉంటే లేవని రాసి, తేదీ వేసి, ఇద్దరు టీచర్ల సంతకాలతో పెట్టుకోండి, పాత హెడ్మాస్టర్‌కు ఒక కాపీ పంపండి. బియ్యం బస్తాలు ఎన్ని ఉన్నాయో గదిలో చూసి, రిజిస్టర్‌లో ఉన్న నిల్వతో కలపండి. క్యాష్ బుక్కు ఏ రోజుది ఆ రోజు, మీ చేత్తో. కమిటీతో కలిపి ఉన్న ఖాతాల్లో ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టమని ఎవరడిగినా, ఎంత దగ్గరివాళ్లడిగినా, పెట్టకండి. ఈ పుస్తకాలు సరిగ్గా ఉంటే ఆడిట్ వచ్చిన రోజు కూడా మీరు ఆరో తరగతి పీరియడుకు పోగలుగుతారు.